కోళ్ళ గూటికి గోడలెందుకు?

పోయిన నెల హైదరాబాదు నుంచి మా పిన్ని కొడుకు ఒక ఫోటో పంపాడు. చెక్కతో చేసిన కోళ్ళ ఇల్లు. ఏటవాలు కప్పు, తెల్ల రంగు, బుల్లి తలుపు, తలుపు దాకా ఎక్కడానికి చిన్న నిచ్చెన, పక్కనే గుడ్లు తీసుకోడానికి మూత ఉన్న పెట్టె. పది కోళ్ళకి సరిపోతుందట. ధర 38,000 రూపాయలు. "అక్కా, ఘట్‌కేసర్ ఇంటి వెనకాల జాగా ఉంది కదా, ఇది తీసుకోమంటావా?" అని అడిగాడు.

వద్దురా అన్నాను. ఎందుకు వద్దో పది నిమిషాలు చెప్పాను. ఫోన్ పెట్టేశాక, చెప్పాల్సిన దాంట్లో సగం కూడా చెప్పలేదనిపించింది. వాడొక్కడే కాదు, ఈమధ్య నాకు తెలిసినవాళ్ళలో నలుగురైదుగురు ఇంటి వెనకాల నాటుకోళ్ళు పెంచాలనుకుంటున్నారు. అందరూ ముందు ఇలాంటి ఫోటోయే చూస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. నాటుకోడి పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడుతుంది. పది పెట్టలకి ఆరు వందలనుకుందాం. మా నూజివీడు వైపు నాటుగుడ్డు పదిహేను రూపాయలకి పోతుంది. అంటే ఏడాదికి 9,000. మేత ఊరికే వస్తుందనుకున్నా, ఒక్క గుడ్డు కూడా ఇంట్లో వండుకోకపోయినా, ఆ చెక్క పెట్టె డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్ళు దాటుతుంది. ఆ నాలుగేళ్ళూ వానకి తడిసి ఎండకి ఎండే పలకలకి చెద పట్టకుండా ఉండాలి. గ్రామప్రియ లాంటి జాతి తెచ్చుకుంటే గుడ్లు రెండింతలు, మూడింతలు వస్తాయి కానీ అది చాలావరకు పొదగదు. పిల్లల్ని మళ్ళీ కొనుక్కోవాలి. ఎటు చూసినా కోడి సంపాదించేది చిన్న మొత్తం. గూడు ఆ చిన్న మొత్తంలోనే ఇమడాలి. చవగ్గా కట్టాలని నేను పట్టుబట్టేది అందుకే.

అయితే నా అసలు అభ్యంతరం ధర మీద కాదు. ఆ పెట్టె పదివేలకే ఇస్తానన్నా వద్దనే అంటాను.

ఆ పెట్టె ఏ ఊరిది?

మంచు పడే దేశాల్లో కోడికి అలాంటి పెట్టె కావాలి. నాలుగు వైపులా చెక్క, లోపల వెచ్చదనం, గాలి పోవడానికి పైన చిన్న కిటికీ. అక్కడ వాళ్ళ భయం చలి. మన దగ్గర జనవరిలో తెల్లవారుజామున ఎంత చలి వేసినా, ఈకలున్న పెద్ద కోడికి అది లెక్కలోకి రాదు. ఒళ్ళు పొడిగా ఉండి, ఈదురుగాలి నేరుగా తగలకుండా ఉంటే చాలు. వెచ్చదనం కావాల్సింది ఈకలు రాని పిల్లలకి. వాటికి తల్లి రెక్కలుంటాయి, తల్లి లేకపోతే బల్బు ఉంటుంది.

మన భయం మే నెల. కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడే నలభై ఒక డిగ్రీలు ఉంటుంది. బయట నలభై నాలుగు ఉంటే అది చెయ్యగలిగిందల్లా నోరు తెరిచి రొప్పడం, రెక్కలు దూరంగా విప్పి నిలబడడం. గాలి ఆడితే బతుకుతుంది, ఆడకపోతే లేదు.

మా వీధి చివర ఒకాయన ఇనుపరేకులతో కోళ్ళ గది కట్టించారు. నాలుగు పక్కలా రేకే, కప్పూ రేకే. కుక్కా పిల్లీ దూరలేదు, చూడ్డానికి చాలా గట్టిగా ఉండేది. రోహిణి కార్తెలో ఒకరోజు ఏలూరులో పెళ్ళికి వెళ్తూ, సాయంత్రానికి వచ్చేస్తాం కదా అని కోళ్ళని లోపలే ఉంచి గడియ పెట్టారు. నీళ్ళు కూడా పెట్టే వెళ్ళారు. తిరిగొచ్చేసరికి పద్నాలుగు కోళ్ళు చచ్చి ఉన్నాయి. అన్నీ తలుపు కింది సందు దగ్గరే, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అక్కడొక్కచోటే కాస్త గాలి తగిలేది. ఆ ఇంటావిడ వాటిని బయటికి తీస్తూ ఏడవడం నేను చూశాను. ఆ తర్వాత మళ్ళీ వాళ్ళు కోళ్ళు పెంచలేదు.

మూసిన గూటికి ఇంకో దోషం ఉంది. రాత్రంతా పడే రెట్ట నుంచి ఘాటు వాసన లేస్తుంది. అది అమ్మోనియా. పొద్దున్నే గూడు తెరవగానే మన కళ్ళు మండుతున్నాయంటే, అవి పన్నెండు గంటలు ఆ గాలే పీల్చాయని అర్థం. కళ్ళు పాడవుతాయి, గురక పట్టుకుంటుంది. చాలామంది అది చూసి వాతావరణం మార్పు అనుకుంటారు.

అందుకని నా మాట ఇది: మన ఎండల్లో కోడికి కావాల్సింది కప్పు, కంచె. గోడల మీద పెట్టే ప్రతి రూపాయీ దండగ, కొన్నిసార్లు ప్రమాదం కూడా. ఆ డబ్బు జాలీ మీద, గడియ మీద పెట్టాలి.

మూడు వేళ్ళ సందు

జాలీ అనగానే అందరూ తెచ్చేది ఆరుపలకల కన్నున్న పల్చటి తీగ. కోళ్ళ జాలీ అనే అడుగుతాం కొట్లో. మొదటిసారి నేనూ అదే తెచ్చాను. అది కోడిని లోపల ఆపుతుంది కానీ బయటివాటిని ఆపదు. కుక్క కాళ్ళతో లాగితే చిరుగుతుంది. రెండు వానాకాలాలకి తుప్పు పట్టి చేత్తో తుంచితే ఊడొస్తుంది.

కానీ నా కోళ్ళు పోయింది జాలీ వల్ల కాదు, తలుపు వల్ల. వెదురు గడలతో, తడికెలతో నేనే కట్టుకున్న గూడు అది. తలుపు కింద మూడు వేళ్ళు పట్టేంత సందు ఉండిపోయింది. రేపు చెక్క కొట్టిద్దాం, ఎల్లుండి కొట్టిద్దాం అనుకుంటూ నెల గడిచింది. ఒకరాత్రి ముంగిస దూరింది. పొద్దున చూస్తే తొమ్మిది. తిన్నది ఏమీ లేదు, మెడల దగ్గర కొరికి వదిలేసింది. బతికిన రెండు పెట్టలు పైకర్ర మీద కళ్ళు మూసుకోకుండా అలాగే కూర్చుని ఉన్నాయి. అందులో ఒకటి నెల రోజుల పాటు గుడ్డు పెట్టలేదు.

ఇప్పుడు వాడేది అరంగుళం కన్నున్న వెల్డింగు జాలీ. ముంగిస, పిల్లి, పందికొక్కు, పెద్ద పాము, ఏదీ దూరదు. ధర పల్చటి జాలీకి రెండింతల పైన ఉంటుంది. అక్కడ బేరమాడకూడదని నేను తొమ్మిది కోళ్ళు పోగొట్టుకుని నేర్చుకున్నాను. గడియ కూడా మామూలు గొళ్ళెం కాకుండా, తిప్పి కిందికి దించేది పెట్టించాను. కుక్క ముట్టెతో ఎత్తినా రాదు.

పగలు తిరిగే దొడ్డికైతే ఇంత జాలీ అక్కర్లేదు. ఇక్కడే చాలామంది డబ్బు పారబోస్తారు, రాత్రికి కావాల్సిన గట్టితనం దొడ్డంతటికీ కావాలనుకుంటారు. రాత్రి గూడు చిన్నది, గట్టిది. పగటి దొడ్డి పెద్దది, తేలికది. ఈ రెండూ వేరు చేస్తే ఖర్చు సగానికి పైగా తగ్గిపోతుంది.

నా ఇప్పటి ఇనుప గూడు పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు, ఎత్తు నాలుగడుగులు. నేల నుంచి రెండడుగులు ఎత్తులో ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. లోపల ఆరడుగుల కర్రలు మూడు, ఒకే ఎత్తులో. ఎత్తుపల్లాలుంటే పైకర్ర కోసం రోజూ సాయంత్రం కొట్లాటే. కోడికి తొమ్మిదంగుళాల కర్ర చాలు. లెక్క వేస్తే ఇరవై నాలుగు కోళ్ళు పడుకోవచ్చు. నిలువునా పైకి ఎగరాలనో, లోపల తిరగాలనో వాటికేం ఉండదు. చీకటి పడ్డాక కర్రెక్కి కూర్చుంటాయి, తెల్లారితే దిగి బయటికి పోతాయి. పది కోళ్ళకి గది కట్టాలనుకునేవాళ్ళు ఒక్కసారి సాయంత్రం ఆరున్నరకి కోళ్ళున్న ఇంటికి వెళ్ళి చూడాలి. ఎంత కొంచెం చోటులో ఒద్దికగా సర్దుకుంటాయో!

అడుగు కూడా జాలీయే, కాస్త పెద్ద కన్నుది. రెట్ట కిందికి రాలిపోతుంది. కింద ఊక, బూడిద కలిపి పోస్తాను. వారానికోసారి ఎత్తి పెంటకుప్పలో వేస్తాను. పచ్చి కోళ్ళ పెంట మొక్కకి నేరుగా వేస్తే మాడిపోతుంది. మూడు నెలలు మాగనిచ్చి మామిడి మొక్కలకి వేస్తాం.

ఖర్చు దాచుకోకుండా రాస్తాను. చట్రానికి ఇనుప యాంగ్లర్లు 2,100. జాలీ 2,600. వెల్డింగు కూలి 2,500. పాత రేకులు 1,200. బందులు, గడియ, రంగు కలిపి 600. మొత్తం 9,000. కోడికి 375 రూపాయలు. మా తమ్ముడు చూసిన పెట్టెలో కోడికి 3,800.

వెల్డింగు చేసే అతను చివరిదాకా ఒప్పుకోలేదు. "అమ్మా, మూడు వైపులైనా రేకు కొట్టిద్దామమ్మా. వాన కొడితే మొత్తం తడిసిపోతాయి. రేపు నన్నంటారు" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. అక్టోబరులో తుపాను వచ్చిందంటే జల్లు అడ్డంగా కొడుతుంది. తడిసిన కోడి, దానికి తోడు గాలి, ఇక రోగమే. అందుకే కప్పుని నాలుగు వైపులా రెండేసి అడుగులు బయటికి దించాను. పడమర, దక్షిణం వైపు పాత టార్పాలిన్ పరదాలు కట్టాను. పరదా పైనుంచి కిందికి దించేది కాదు, కిందినుంచి పైకి లాగేది. ఎంత గట్టిగా లాగినా పైన జానెడు సందు ఉండిపోతుంది, వేడిగాలి అందులోంచి పోతుంది. పెద్ద కోళ్ళఫారాల షెడ్లకి పరదాలు అలాగే ఉంటాయి, అక్కడ చూసి నేర్చుకున్నదే. ఏడాదిలో ఆ పరదాలు లాగేది ఇరవై రోజులో, ముప్పై రోజులో. ఆ ముప్పై రోజుల కోసం మిగతా రోజులన్నీ రేకు గోడల మధ్య ఉడికించడం నాకు ఇష్టం లేకపోయింది.

కప్పు మీద మాత్రం తాటాకు పరిచాను. మా గట్టు మీది చెట్లదే. రేకు ఒక్కటే ఉంటే కింద పొయ్యి మీద పెనంలా ఉంటుంది. తాటాకు దొరకనివాళ్ళు రేకుకి సున్నం కొట్టినా తేడా తెలుస్తుంది. గూడు పొడవు తూర్పు పడమరలకి ఉండాలి. అప్పుడు పొద్దుటెండా సాయంత్రపుటెండా ఇరుకు వైపే తగులుతాయి.

వెదురుతో కట్టకూడదా?

చవక అంటే వెదురే కదా అని ఎవరైనా అడుగుతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. తొమ్మిది కోళ్ళు పోయాక అదే గూడు బాగుచేసి, సందులు మూసి, కొత్త కోళ్ళు తెచ్చాను. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒక సాయంత్రం కోళ్ళు గూట్లోకి వెళ్ళనన్నాయి. తలుపు ముందు గుంపుగా నిలబడ్డాయి, తోలితే జామచెట్టెక్కాయి. వరసగా నాలుగు రోజులు అదే తంతు. దయ్యమో దిష్టో అని పక్కింటావిడ మిరపకాయలు తిప్పి పడేసింది. అయిదో రాత్రి టార్చి పట్టుకుని వెదురు కణుపుల దగ్గర, కట్టుతాళ్ళ కింద వెతికితే గోమార్లు. వందల కొద్దీ. పగలు చీలికల్లో దాక్కుని, రాత్రి కోడి కాళ్ళ మీదికి పాకి రక్తం తాగుతాయి. కోడి లేకపోయినా, తిండి లేకుండా ఏడాదికి పైగా బతికేస్తాయి. అంటే గూడు ఖాళీగా వదిలేసినా లాభం లేదు. సున్నం కొట్టాను, మందు కొట్టాను. చివరికి ఆ గూడు మొత్తం తగలబెట్టాల్సి వచ్చింది.

వెదురు కొన్న డబ్బు, కట్టిన కూలి, కాల్చిన గూడు, పోయిన కోళ్ళు, అన్నీ కలిపితే ఇనుప గూటి కంటే ఎక్కువే అయింది. ఇనుములో అతుకులు తక్కువ, దాక్కోడానికి చోటు ఉండదు. వాలే కర్రలు మాత్రం చెక్కవే, నున్నగా చిత్రిక పట్టించి, ఊడదీయడానికి వీలుగా కొక్కేల మీద ఆనించాను. నెలకోసారి తీసి ఎండలో పడేస్తాను.

అలాగని వెదురు పనికిరాదని కాదు. సందులు ఏటా రెండుసార్లు సున్నంతో పూడ్చి, అడపాదడపా కాగడాతో కాల్చే ఓపిక ఉన్నవాళ్ళకి అది పనికొస్తుంది. నాకు అంత ఓపిక లేదని తెలుసుకున్నాను.

అత్తయ్య గంప

ఇదంతా చూసి మా అత్తయ్య ఒకమాట అన్నారు. "నలభై ఏళ్ళు గంప కింద పెట్టి పెంచాను. అరుగు కింద గూడు, మీద ఒక రాయి. నాకు వెల్డింగు ఎవడు చేశాడమ్మా?"

ఆ మాటకి చాలా రోజులు నా దగ్గర జవాబు లేదు. నిజమే, ఈ ఊళ్ళో తరతరాలుగా కోళ్ళు గంప కిందే బతికాయి. దానికి పైసా ఖర్చు లేదు. నేను తొమ్మిది వేలు పెట్టి చేసింది గొప్పా?

ఆ తర్వాత ఒకసారి ఆవిడ ఎర్రపెట్ట కింద పన్నెండు గుడ్లు పెట్టారు. ఇరవై ఒకటో రోజుకి పది పిల్లలు లేచాయి. నేను వంటింట్లో క్యాలెండరు మీద రాసుకుంటూ వచ్చాను. మొదటి వారం గద్ద రెండు తన్నుకుపోయింది. ఒకటి నీళ్ళ తొట్టిలో పడింది. రాత్రి గంప కింద నేల తవ్వుకొచ్చి పందికొక్కు రెండు పట్టుకుపోయింది. పిల్లి ఒకటి. ఒకటి ఎలా పోయిందో తెలియలేదు. మూడు నెలలకి మిగిలింది మూడు. క్యాలెండరు చూపిస్తే అత్తయ్య ఏమీ ఆశ్చర్యపోలేదు. "మూడు మిగిలాయంటే బాగా మిగిలినట్టే. ఎప్పుడూ అంతేగా" అన్నారు.

అప్పుడు నాకర్థమైంది. గంపకి ఖర్చు లేకపోవడం కాదు, ఆ ఖర్చు ఎవరూ రాయలేదు. గద్దకి ఇన్ని, పిల్లికి ఇన్ని అని ముందే వదిలేసుకున్నారు. ఆ ఏడు పిల్లలు ఎదిగి ఉంటే, ఇప్పటి నాటుకోడి ధరకి నా గూటి డబ్బులో సగం దాకా వచ్చేది.

అయినా అత్తయ్య మాటలో ఒక ముల్లు నాకింకా గుచ్చుకునే ఉంది. తొమ్మిది వేలు నేను పెట్టగలిగాను. నాలుగు కోళ్ళు పెంచుకునే కూలి మనిషి ఎక్కడినుంచి తెస్తుంది? కొన్నేళ్ళ కిందట మా ఊళ్ళో ఒక పథకం కింద ఆడవాళ్ళకి వనరాజా జాతి కోడిపిల్లల్ని పంచారు. పిల్లలు ఎలా మెయ్యాలో చెప్పారు, మందు ఎప్పుడు వెయ్యాలో చెప్పారు. రాత్రి ఎక్కడ పడుకోవాలో ఎవరూ అడగలేదు. రెండు నెలల్లో ఊరి కుక్కలు, పిల్లులు సగానికి పైగా తినేశాయి. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి మిగిలింది ఒక్క పుంజు. ఆమెకి నేను ఇవ్వగలిగిన సలహా గంపే: మట్టినేల మీద కాకుండా నాపరాయి బండ మీద పెట్టు, పైన మోయలేనంత రాయి పెట్టు, గంపకి లోపల రెండు చారెడు జాలీ ముక్కలు కుట్టు అని. నా గూటికి మిగిలిన ముక్కలు ఇచ్చాను. పందికొక్కు తవ్వలేదు, పిల్లి చెయ్యి పెట్టలేదు. మొత్తం కలిపి వందరూపాయలు కూడా కాలేదు. ఇదే మాట ఆరోజు పిల్లల్ని పంచినవాళ్ళు చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

దొడ్డి

పగటి దొడ్డి ఇరవై అడుగులు, పదిహేను అడుగులు. జామాయిల్ గుంజలు పాతాం. చుట్టూ కింద రెండడుగులు పాత జాలీ, ఆ పైన కైకలూరు వైపు నుంచి తెచ్చిన పాత చేపల వల. మీద కూడా వలే, గద్ద కోసం. కంచె కింద జాలీని బయటివైపు అడుగు మేర నేల మీద పరిచి మట్టి కప్పాం. తవ్వడానికొచ్చిన జంతువు కంచె మొదట్లోనే తవ్వుతుంది, అడుగు వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. దొడ్డిని మధ్యలో వలతో రెండు చేశాం. ఒకవైపు నెల తిరిగితే, ఇంకోవైపు ఎండకి ఆరుతుంది. ఎప్పుడూ ఒకే చోట తిరిగితే నేలలో పురుగు, రక్తపారుడు వదలవు.

గుడ్లు పెట్టడానికి మామిడికాయల పాత క్రేట్లు. అయిదు కోళ్ళకొకటి. గోనె కప్పి చీకటి చేసి, లోపల వరిగడ్డి వేశాను. కర్రల కంటే కింద ఉండాలి, లేకపోతే అందులోనే పడుకుని పాడుచేస్తాయి.

కోడిని దొడ్లో కట్టేస్తే అది నాటుకోడి ఎలా అవుతుందని అడిగేవాళ్ళున్నారు. పెరడంతా తిరిగి చెదపురుగులు, గడ్డిగింజలు ఏరుకు తినే కోడి రుచి వేరని నేనూ ఒప్పుకుంటాను. సాయంత్రం రెండు గంటలు, మేం బయట ఉన్నప్పుడు వదులుతాను. అయితే 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు ఆ రెండు గంటలు కూడా మానేశాను. వలస పిట్టలు దిగే కొల్లేరు మాకు ఎంతో దూరం కాదు. పైనుంచి ఎగిరే పిట్ట రెట్ట మేతలో, నీళ్ళలో పడకూడదని రెండూ కప్పు కిందికి మార్చాను. దొడ్డి లేకపోయుంటే ఆ నెల నేనేం చేసేదాన్నో తెలియదు. గూడు ఎంత మంచిదైనా కొక్కెర తెగుల్ని ఆపదు. దానికి టీకాలే దారి: పిల్లకి ఏడో రోజు లసోటా చుక్క, ఎనిమిదో వారం ఆర్‌టుబి సూది వేయించాల్సిందే.

వలతో కూడా ఒక బాధ ఉంది. ఒకసారి జెర్రిపోతు అందులో చిక్కుకుంది. విడిపించడానికి కత్తెరతో అరగంట పట్టింది. అప్పటినుంచి నేలకి ఆనేచోట వల ఉండనివ్వడం లేదు.

మా తమ్ముడు మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "నువ్వు చెప్పిందంతా బానే ఉందక్కా. కానీ ఇక్కడ పక్కవాళ్ళ కిటికీ మా దొడ్డి మీదికే ఉంటుంది. ఇనుప బోనులా ఉంటే ఏమనుకుంటారో" అన్నాడు. అది కొట్టిపారేసే మాట కాదు. పట్నంలో పక్కింటివాళ్ళకి నచ్చని కోళ్ళు ఎక్కువ రోజులు ఉండవు. వాళ్ళకి కనిపించేవైపు జాలీ మీద శంఖుపూల తీగ పాకించమన్నాను, పుంజుని పెట్టుకోవద్దన్నాను, రెట్ట రోజూ ఎత్తమన్నాను. ముందు మాత్రం, మధ్యాహ్నం రెండింటికి ఆ జాగాలో నీడ ఎక్కడ పడుతుందో ఫోటో తీసి పంపమన్నాను. ఆదివారం పంపాడు. వేపచెట్టు కింద, ప్రహరీకి నాలుగడుగుల ఇవతల, ఆరడుగుల నీడ ఉంది.

"అక్కడ గుంజ పాతి గుర్తు పెట్టు. వచ్చేవారం కొలతలు తీసుకుని వస్తాను" అన్నాను.